తలుపు మీద మిగిలిన ముక్క

రోగి దగ్గర కూర్చునే పనిలోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, ఈ పనిలో ముఖ్యంగా ఏం తెలియాలో చెప్పమని అడుగుతుంటారు. మంచం మీది మనిషిని నొప్పి లేకుండా ఎలా పక్కకు తిప్పాలో, వీపున పుండు పడకుండా ఎలా చూసుకోవాలో చెబుతాను. అవి ఎలాగూ నెల రోజుల్లో వాళ్ళకే వస్తాయి. అసలు చెప్పవలసింది వేరే ఉంది. నోటితో చెప్పబోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోతాను. అందుకని రాస్తున్నాను. నేను అక్షరాలు దిద్దింది నలభయ్యో ఏట. రాత నెమ్మది. ఒత్తులు తప్పితే మీరే సరిచేసుకుని చదవండి.

సీసాలకు కట్టిన దారాలు

మాది గుడివాడ దగ్గర పల్లె. నా భర్త పోయాక బెజవాడ వచ్చి ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరాను. అక్కడి పెద్ద నర్సమ్మగారు మాట కటువు మనిషి. పక్కదుప్పటి ముడత పడితే నా చేతి మీద ఒకటి వేసేది. పని మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. "రోగి చెప్పేది సగం, మంచం చెప్పేది సగం" అనేది. దిండు ఎటు నలిగిందో, చెంబులో నీళ్ళు ఎంత తగ్గాయో చూస్తే ఆ మనిషికి పొద్దంతా ఎలా గడిచిందో తెలిసిపోతుందని ఆమె ఉద్దేశం. నిజమే. కళ్ళున్నవాళ్ళకి మంచం చాలా చెబుతుంది.

కొన్నేళ్ళకు ఒక డాక్టరుగారు నా పని చూసి, ఇళ్ళలో నెలల తరబడి పడివున్న రోగుల దగ్గరికి పంపడం మొదలుపెట్టారు. నాకు చదువు రాదని ఆయనకు తెలియదు. ఎవరికీ తెలియనివ్వలేదు. మందుల సీసా ఇంటికి రాగానే, ఏది ఎప్పుడు వెయ్యాలో రెండుసార్లు అడిగేదాన్ని. తర్వాత సీసా మెడకు దారం కట్టేదాన్ని. ఒక ముడి ఉంటే పొద్దున, రెండుంటే మధ్యాహ్నం, మూడుంటే పడుకునేముందు. ఎర్రదారమైతే పైన పూసేది, లోపలికి పోయకూడదు. జ్వరం చూసే గొట్టంలో బాణం గుర్తు ఉంటుంది. "బాణం దాటి నాలుగు గీతలండీ" అంటే డాక్టరుగారు నవ్వి, లెక్క ఆయనే వేసుకుని రాసుకునేవారు. అది నా మాట తీరు అనుకున్నారు.

ఎవరైనా కాగితం చేతిలో పెడితే కాసేపు దాని మీద కళ్ళు తిప్పి, "చూశానండీ" అని తిరిగి ఇచ్చేదాన్ని. చదివానంటే అబద్ధం. చూశానంటే నిజమే కదా. ఆ ఒక్క మాట నన్ను పదేళ్ళు కాపాడింది. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే, చదువు నేర్చుకోవడానికి అడ్డం పడ్డది ఆ తెలివే.

వెండి గ్లాసు, ఇత్తడి గ్లాసు

యుద్ధం రోజుల్లో డాక్టరుగారు నన్ను వన్ టౌన్లో వెంకటసుబ్బయ్యగారి ఇంటికి పంపారు. వాళ్ళది నేతపని చేసుకునే కుటుంబం. ఆయన తండ్రి ఆ ఇంట్లోనే, వెనకగదిలో, గుంట మగ్గం మీద నేసేవాడట. ఈయన మగ్గం గుంట పూడ్చి గచ్చు చేయించి, పెడన వైపు నేతగాళ్ళ దగ్గర చీరలు తెచ్చి కొట్టు పెట్టారు. వ్యాపారం బాగానే సాగింది. అంతలో ఛాతీ జబ్బు పట్టుకుంది. ఏడాది పాటు కొండల మీద శానిటోరియంలో ఉండి వచ్చారు. వచ్చిన ఆరు నెలలకే మళ్ళీ రక్తం కనిపించింది. ఆ ఇంట్లో ఆయన, భార్య సీతారావమ్మగారు, పదకొండేళ్ళ కూతురు కనకం, ఇంతే.

నేను వెళ్ళిన రోజున డాక్టరుగారు నన్ను వసారాలోకి పిలిచి గట్టిగా చెప్పారు. "మందు నేనిస్తాను. ఆయన మనసు కదలకుండా చూడటం నీ పని. గట్టిగా దగ్గితే రక్తం పడుతుంది. చెడ్డ కబురు గుమ్మం దాటి రానివ్వకు."

ఆ మాటను నేను అక్షరాలా పట్టుకున్నాను. అక్షరాలు రానిదాన్ని అక్షరాలా పట్టుకున్నానంటే మీకు నవ్వొస్తుందేమో.

ఇల్లు మునుగుతోందని బయటివాళ్ళకన్నా ముందు రోగి దగ్గర మనిషికి తెలుస్తుంది. మొదట్లో ఆయనకు పాలు వెండి గ్లాసులో ఇచ్చేవాళ్ళం. ఒకనాడు ఇత్తడి గ్లాసు వచ్చింది. పూటకు రెండు కోడిగుడ్లు ఒకటైంది. అమ్మగారి చేతులకు గాజులు మట్టివి మాత్రమే మిగిలాయి. యుద్ధం వల్ల నూలు కంట్రోలు వచ్చి మగ్గాలు ఆగాయి, కొట్టులో సరుకు లేదు. జబ్బు మాత్రం ఆగలేదు. శానిటోరియం ఖర్చుకు ఇల్లు తాకట్టు పెట్టారనీ, వడ్డీ కట్టలేకపోతే షావుకారు కోర్టుకు వెళ్ళి డిక్రీ తెచ్చుకున్నాడనీ నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది గ్లాసు మారిందని మాత్రమే.

వీధి కుళాయి దగ్గర మాత్రం మాటలు పడేవి. "ఏం రత్నమ్మా, మీ శెట్టిగారు ఐ.పి. పెడతారటగా?" అని ఒకామె నవ్వుతూ అడిగింది. నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి కనకాన్ని అడిగితే, ఆ పిల్ల నేరుగా తండ్రినే అడిగేసింది. నేను ఆ పిల్లను పక్కకు లాగబోయాను. ఆయన మాత్రం దిండు మీద నుంచి నన్ను చూసి చిన్నగా నవ్వారు.

"ఐ.పి. అంటే తెలియదా రత్నమ్మా? అయిపోయాడు అని. అప్పులు తీర్చలేనని కోర్టులో చెప్పుకుంటే, ఆ తర్వాత జనం నిన్ను పేరుతో పిలవరు. ఐ.పి. పెట్టినాయన అంటారు. మా నాన్న పేరున్న కొట్టు ఇది. నేను పోయినా ఆ పని చెయ్యను."

అది ఆయన సరసమని నాకు తెలియదు. చాలా ఏళ్ళు ఆ రెండక్షరాలకు నిజంగా అదే అర్థమనుకున్నాను. దివాలా దరఖాస్తుకు ఇంగ్లీషులో పొడి అక్షరాలని తర్వాత కనకం చెప్పింది. ఇప్పటికీ నాకు మొదటి అర్థమే సరైనదనిపిస్తుంది.

చూశానండీ

ఆ రోజు మధ్యాహ్నం అమ్మగారు కిరసనాయిలు కోసం కంట్రోలు షాపు వరసలో నిలబడటానికి వెళ్ళారు. కనకం బడిలో ఉంది. ఆయనకు అప్పుడే కన్నంటుకుంది. వీధిలో చెప్పుల చప్పుడైతే బయటికి వచ్చాను. ఖాకీ సంచి తగిలించుకున్న ఒక పెద్దాయన, జిగురు డబ్బా పట్టుకున్న బంట్రోతు, మెడలో డప్పుతో ఒకడు నిలబడి ఉన్నారు. డప్పువాడు అప్పటికే పుల్ల ఎత్తాడు.

"నాయనా, ఇక్కడ కొట్టకు. రోగి పడుకున్నారు. ఉలిక్కిపడితే దగ్గొస్తుంది, దగ్గితే రక్తమే" అని చేతులు జోడించాను.

పెద్దాయన, "ఏం జబ్బమ్మా?" అన్నాడు.

"ఛాతీ జబ్బండీ."

ఆ మాట వినగానే ఒక అడుగు వెనక్కి వేసి కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. డప్పువాడితో, "వీధి మొగలో కొట్టరా" అన్నాడు.

"ఇంటి ముందర కొట్టాలి గదండయ్యా?"

"రాసేది నువ్వా, నేనా?"

వాడు నవ్వుకుంటూ వీధి చివరకు పోయాడు. అక్కడ చేపల బుట్టలవాళ్ళ అరుపుల్లో ఆ నాలుగు దెబ్బలు ఎవరూ పట్టించుకోలేదు. బంట్రోతు తలుపుకు జిగురు పూసి కాగితం అంటించాడు. పెద్దాయన దూరం నుంచే వేలు చూపించి, "అంతా దీన్లో ఉందమ్మా. చూసుకో" అన్నాడు.

నేను కళ్ళు పైనుంచి కిందికి తిప్పాను.

"చూశానండీ."

"ఇంటివాళ్ళకు చెబుతావు గదా?"

"చెబుతానండీ."

వాళ్ళు వెళ్ళిపోయారు. అంతకు నెల ముందు మా వెనకవీధిలో ఒక ఇంట్లో అమ్మవారు పోసింది. మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి తలుపుకు కాగితం అంటించారు. ఆ ఇంటికి పాలవాడు రావడం మానేశాడు, చాకలి మానేశాడు. ఇదీ అలాంటిదేననుకున్నాను. జబ్బేమిటని అడిగాడు, ముక్కు మూసుకున్నాడు, కాగితం అంటించాడు. ఇంకేముంటుంది? పాలు ఆగిపోతే రోగి గతేమిటి? అమ్మగారు వరసలో నిలబడి అలసి వచ్చి ఆ కాగితం చూస్తే ఏమవుతారు?

నేతవాళ్ళ ఇంట్లో ఉండి ఒకటి నేర్చుకున్నాను. గంజి ఎంత గట్టిగా పట్టినా వేణ్ణీళ్ళకు లొంగుతుంది. రోగి గ్లాసులు మరగబెట్టే నీళ్ళు కాగుతూనే ఉన్నాయి. గుడ్డ ముంచి కాగితం మీద అద్ది, నెమ్మదిగా ఊడదీశాను. కింది మూల ఒకటి గొళ్ళెం రేకు కింద ఇరుక్కుని రాలేదు, రెండు వేళ్ళ వెడల్పు ముక్క. దాని మీద ఇంత పసుపు పూసేశాను. మిగిలిన కాగితం పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే గ్లాసులు మరగబెట్టాను.

మర్నాడు పాలవాడు మామూలుగానే వచ్చాడు. నా పని ఫలించిందని లోపల ఎంత సంబరపడ్డానో చెప్పలేను. అమ్మగారికి చెప్పలేదు. చెడ్డ కబురు గుమ్మం దాటనివ్వకపోవడమే కదా నా పని.

టేపు పట్టుకుని వచ్చినాయన

రెండు నెలలు దాటాక ఒక ఉదయం కొత్త మనిషి ఒకాయన తాపీమేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చి, టేపుతో వసారా కొలవడం మొదలుపెట్టాడు. అమ్మగారు తలుపు దగ్గరకు వచ్చి ఎవరండీ మీరని అడిగారు.

"ఇల్లు కొన్నామండీ, కోర్టు వేలంలో. కబురు పంపాల్సింది, పొరపాటే. గోడౌను చేద్దామని" అన్నాడాయన. మర్యాదగానే అన్నాడు.

"వేలమేమిటండీ? తలుపుకు కాగితం అంటించాలి, డప్పు కొట్టాలి అన్నారు ప్లీడరుగారు. మాకేదీ రాలేదే."

"అంటించాననీ, కొట్టించాననీ కోర్టు అమీను రాసిచ్చాడమ్మా. నేను చూశాను ఆ కాగితం."

నేను గ్లాసులు పట్టుకుని వెనకే నిలబడి ఉన్నాను. నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ సంగతి కూడా ఆ క్షణంలోనే తోచింది. దాచడం ఎందుకు?

"అమ్మగారూ, కాగితం అంటించారు. నేనే ఊడదీశాను."

ఆమె నా వైపు తిరిగారు. "చదివావా?"

"చూశానండీ."

"చదివావా అని అడుగుతున్నాను."

"నాకు చదువు రాదండీ."

ఆమె గది వైపు చూశారు. తర్వాత నెమ్మదిగా, "మరి సీసాలు?" అన్నారు.

ఇల్లు పోయిందని చెబుతున్న మనిషిని పక్కన నిలబెట్టుకుని ఆమె అడిగింది అది. "దారాలండీ. ఒక ముడి పొద్దున, రెండు ముళ్ళు మధ్యాహ్నం" అని చెప్పాను. ఆమె లోపలికి వెళ్ళి, అలమరలో సీసాలన్నీ ఒక్కొక్కటే ఎత్తి, చీటీ చదివి, ముడులు లెక్కపెట్టారు. ఒక్కటీ తప్పలేదు. అప్పుడు నేల మీద కూర్చుండిపోయారు.

ఏడుపు మధ్యలో ఒక్కొక్కటే బయటికి వచ్చింది. వేలం తేదీ తెలియగానే తన దగ్గరికి రమ్మని ప్లీడరుగారు చెప్పారట. ఆ తేదీ లోపల పెడన నుంచి ఆమె తమ్ముడు సొమ్ము సర్దుతానన్నాడట. అది కుదరకపోతే భర్త చేత ఎలాగైనా ఐ.పి. దరఖాస్తు మీద సంతకం పెట్టిద్దామని ఆమె ఆలోచన. ఆ కాగితం కోసం రోజూ గుమ్మం వైపు చూస్తూ గడిపానన్నారు.

"నాతో ఒక్క మాట అనివుంటే ఏమయ్యేదండీ?" అన్నాను. అనకూడని మాటే.

"ఇంటి గుట్టు నీకెలా చెప్పను రత్నమ్మా?" అన్నారామె.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆమె గుట్టు ఆమె దాచారు, నా గుట్టు నేను దాచాను.

ఇంతలో గదిలో నుంచి, "రత్నమ్మా, ఇలా రా" అని పిలుపు. ఆయన అంతా విన్నారు. నేను మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను. దగ్గు వస్తుందని, రక్తం చూడవలసి వస్తుందని భయం.

"వేలం అయిపోయిందా?"

"అయిపోయిందటండీ."

"అయితే ఇక ఐ.పి. అక్కర్లేదు" అని ఆయన నవ్వారు. ఎన్నో నెలల తర్వాత దగ్గు లేకుండా నవ్విన నవ్వు అది. "ఇల్లు పోతే పోయింది. పేరు మిగిలింది. మంచి పని చేశావు."

గోడ అవతల ఆయన భార్య ఏడుస్తున్నారు. ఇవతల ఆయన నాకు దండం పెట్టబోతున్నారు. నేను ఎటు తిరగాలో తెలియక పక్కదుప్పటి సరిచేశాను.

ఎవరిని అడిగినా

నా తప్పు ఎంత అన్నది తేల్చుకుందామని చాలామందిని అడిగాను. ప్లీడరుగారు, కాగితం తెచ్చివుంటే వేలం ఆగేదన్నారు. కోర్టులో తేదీ ఆయన గుమాస్తా చూసుకోవాలి కదా అంటే, అతను జ్వరంతో ఊరు వెళ్ళాడన్నారు. ఇంకో ప్లీడరును అడిగితే, తాకట్టు పెట్టిన ఇంటికి ఐ.పి. అడ్డం రాదమ్మా, నువ్వు ఊడదీసినా ఊడదీయకపోయినా ఒకటే అన్నాడు. పెడన నుంచి తమ్ముడు వచ్చి, "తేదీ చెబితే చాలన్నాను గదా అక్కా" అని తలబాదుకున్నాడు. అతను వెళ్ళాక అమ్మగారు, "వాడి దగ్గర సగమే పోగయింది, మిగతాది ఎక్కడిదో" అన్నారు. డాక్టరుగారైతే డప్పు కొట్టనివ్వనందుకు నన్ను మెచ్చుకున్నారు. చదువు రాదని తెలిసి మాత్రం ఆ నెలంతా నాతో సరిగా మాట్లాడలేదు.

ఇన్ని జవాబుల్లో ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నీ కొంతకొంత నిజమేనేమో. ఒకటి మాత్రం చెప్పగలను. డాక్టరుగారు నన్ను కాపలా పెట్టింది రోగి మనసుకి. నేను కాపలా కాసింది గుమ్మానికి. రెండూ ఒకటి కావు. గుమ్మం ఎవరిదో, లోపలికి వచ్చేది ఎవరికోసం వచ్చిందో అడగాలి. మీరు ఏ ఇంట్లో పనిచేసినా, ఇంటికి వచ్చిన కాగితాన్ని రోగికి చూపించకపోతే పోనివ్వండి, ఇంటివాళ్ళలో ఒకరి చేతిలో పెట్టండి. మంచిదో చెడ్డదో మీరు తేల్చకండి. తెలియనిది తెలియదని చెప్పండి. సిగ్గుకన్నా ఖరీదైనది నేను ఈ పనిలో చూడలేదు. నా సిగ్గు ఖరీదు ఇంకొకరి ఇల్లు.

లోపలి వాటా

కాలువ అవతల ఒక ఇంట్లో లోపలి వాటా అద్దెకు తీసుకుని మారాం. ఆయన్ని ఒంటెద్దు బండిలో పడుకోబెట్టి, నేను పక్కన నడిచాను. మానెయ్యమంటారని ఎదురుచూస్తున్నాను. సామాను సర్దాక అమ్మగారు పిలిచారు.

"ఇక నీకు జీతం ఇవ్వలేను రత్నమ్మా."

"నాకు వద్దండీ."

"ఊరికే చేయించుకోను. రేపటి నుంచి కనకం నీకు అక్షరాలు చెబుతుంది. అదే జీతం."

కనకం లాంటి కటువైన పంతులమ్మను నేను చూడలేదు, పెద్ద నర్సమ్మతో సహా. పలక మీద నేను గీసింది చూసి, "ఇది ల కాదు, పడుకున్న పిల్లి" అనేది. దీర్ఘం మరిచిపోతే, "రత్నమ్మా, నీ తోక ఏదీ?" అనేది. మంచం మీద నుంచి ఆయన, "దారం కట్టుకోమనవే, గుర్తుంటుంది" అని నవ్వేవారు. ఆయన అక్కడ రెండేళ్ళు బతికారు. అద్దె వాటాలో, ఇత్తడి గ్లాసుతో. ఆయన్ని ఎవరూ ఐ.పి. పెట్టినాయన అనలేదు. అమ్మగారు కుట్టుమిషను తొక్కి కనకాన్ని చదివించారు. ఆ ఇంటి మాట నా ముందు ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తివుంటే బాగుండేదేమో.

గుణింతాలు పూర్తయిన వారానికి నేను ఒక్కదాన్నే వన్ టౌన్ వెళ్ళాను. మా వసారాలో మూటలు పేర్చి ఉన్నాయి. తలుపు అదే. గొళ్ళెం రేకు కింద ఆ ముక్క కూడా అలాగే ఉంది. పసుపు వెలిసిపోయి, కింద సిరా బయటపడింది. వంగి, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. లకు ఓత్వం, లో. గకు దీర్ఘం, గా.

లోపల నుంచి గోడౌను కాపలామనిషి వచ్చాడు. "ఏం చూస్తున్నావమ్మా అక్కడ?"

"చూడటం లేదు బాబూ, చదువుతున్నాను."

అతనూ వంగి చూశాడు. "ఏముంది?"

"లోగా అని ఉంది."

"దేని లోగా?"

"అదే తెలియడం లేదు" అన్నాను.